కొమ్మక్క అత్తవారింటి నిప్పు

నీలవేణీ నది నడుమ ఇసుకతిన్నె మీద ఆ పొద్దు యుద్ధం మొదలయ్యేసరికి, రెండు గట్ల సైనికులూ ఒకరినొకరు ఇంటిపేర్లతో సహా తిట్టుకుంటున్నారు. పరాయి రాజుతో యుద్ధమైతే ఈ సుఖం ఉండదు. "ఒరే నల్లేటివాళ్ళ బొల్లా, మా చెల్లెలి పెళ్ళిలో మళ్ళీ మళ్ళీ పెరుగు పోయించుకున్న నోరేనట్రా అది?" అని తూర్పుగట్టువాడు బల్లెం ఎత్తితే, "ఆ పెరుగు పులిసిందనేరా ఈ యుద్ధం" అని పడమటిగట్టువాడు డాలు అడ్డం పెట్టేవాడు. మాట అయ్యాక బల్లెం దిగేది. దిగిన బల్లెం మాత్రం పరాచికాలాడేది కాదు.

వైడూర్యగిరి రాజ్యానికి ఈ గతి పట్టడానికి కారణం చాలా చిన్నది. ముసలి మహారాజు కన్నుమూస్తూ, "పెద్దవాడికి సింహాసనం" అన్నాడు. సూర్యకీర్తి, సోమకీర్తి కవలలు. ఎవరు ముందు పుట్టారో చూసిన మంత్రసాని మహారాజుకంటే ముందే స్వర్గానికి పోయింది. మహారాణిని అడిగితే, ఆ వేళ తనకు ఒళ్ళు తెలియలేదని చెప్పింది. పురుడు పోసుకున్న ఏ ఆడదీ ఆవిడను తప్పుపట్టలేదు కాని, మగవాళ్ళు కత్తులు తీశారు. సూర్యకీర్తి తూర్పుగట్టు కోటలో ఒక కిరీటం, సోమకీర్తి పడమటిగట్టు కోటలో ఒక కిరీటం పెట్టుకున్నారు. నది మాత్రం ఎవరి కిరీటమూ పట్టించుకోకుండా ఎప్పటిలాగే మధ్యనుంచి పారుతోంది.

తూర్పుగట్టు దండులో మారన అనే కుర్రవాడున్నాడు. యుద్ధానికి ముందు అతను పగటివేషాలు వేసేవాడు. పులి వేషం కడితే కుక్కలు పారిపోయేవి. ముసలమ్మ వేషం కడితే అసలు ముసలమ్మలు వచ్చి కోడళ్ళ మీద చాడీలు చెప్పుకునేవారు. ఇప్పుడు అతని చేతిలో బల్లెం ఉంది. ఎదురుగా, పొగమంచులోంచి డాలు పట్టుకుని వచ్చినవాడు నల్లేటి బొల్లడు. మారన వేషాలకు ఏళ్ళ తరబడి డోలు వాయించినవాడు.

"పొడవరా మరి," అన్నాడు బొల్లడు.

"నువ్వు ముందు కొట్టు. ఎప్పుడూ దరువు నీదే కదా ముందు."

బొల్లడు నవ్వబోయాడు. ఎవరి అమ్ములపొదిలోదో ఒక బాణం వచ్చి అతని మెడ పక్కన దిగింది. మారన బల్లెం పారేసి పట్టుకున్నాడు. "ముసలమ్మ వేషానికి నడక దరువు వేసేవాణ్ణి... ఇంకెవణ్ణయినా చూసుకో," అని బొల్లడు ఇసుకలో వేళ్ళతో రెండు దరువులు వేసి, మూడోది వెయ్యకుండానే ఆగిపోయాడు.

సరిగ్గా అప్పుడు పడమటి కొండ మీద మాంత్రికుడు ధూమ్రకేశుడు లేచి నిలబడ్డాడు.

వాడి తలమీద జుట్టు లేదు, పొగ ఉంది. ఆ పొగ జడలుజడలుగా భుజాల మీద వాలి, గాలి లేకపోయినా మెలికలు తిరుగుతూ ఉంటుంది. కళ్ళు ఆరబోయే దీపాల్లా నీలంగా కొట్టుకుంటాయి. ఒంటినిండా విభూతి కాదు, కాలిన ఊళ్ళ మసి. సోమకీర్తి వాణ్ణి ఏ గుహలోంచి పిలిపించాడో గాని, పిలిపించినప్పటినుంచి పడమటిగట్టు వాళ్ళకు కూడా సరిగా నిద్రపట్టడం లేదు. వాడు తూర్పుగట్టు వైపు తిరిగి నోరు తెరిచి ఊపిరి లోపలికి పీల్చాడు. అంతే. కోట బురుజు మీది కాగడాల నుంచి, కమ్మరి కొలిమి నుంచి, గుడి దీపాల నుంచి, ఇంటింటి పొయ్యిలోంచి మంట ఎర్రటి దారంలా సాగి ఆకాశంలోకి లేచింది. వేలకొద్దీ దారాలు. పగలే చుక్కలు రాలుతున్నట్టు నదిమీదుగా వచ్చి ఆ నోట్లో పడ్డాయి. వాడు నోరు మూసుకుని, అంత పెద్ద మాంత్రికుడూ పెళ్ళిభోజనం చేసిన చుట్టంలాగా త్రేన్చాడు.

ఆ రోజు యుద్ధం ఎవరు గెలిచారో ఎవరికీ పట్టలేదు. ఇంటికి పోతే అన్నం లేదని మాత్రం అందరికీ అర్థమైంది.

తూర్పుగట్టున చెకుముకి రాయి కొడితే తడిమట్టి కొట్టినట్టు చప్పుడైంది. అరణి మథిస్తే చేతులు బొబ్బలెక్కాయి కాని పొగ రాలేదు. ఆస్థాన జోస్యుడు చాలాసేపు లెక్కకట్టి, "ఈ గట్టు నిప్పుల్లో ఒక్క కణిక ఎక్కడైనా మిగిలి ఉంటే దానినుంచి అన్నీ అంటుకుంటాయి. అది లేకపోతే ఇక్కడ కొత్త నిప్పు పుట్టదు," అని చెప్పి, తన ఇంట్లో కూడా నానబెట్టిన బియ్యమే అని గుర్తొచ్చి ఏడ్చాడు. కొలిమి లేక కొత్త బాణాలు లేవు. పైగా మార్గశిరం.

మారన ఇంట్లో భార్య చందన బాలింత. పొత్తిళ్ళలో ఆడపిల్ల. బాలింతకు వేడినీళ్ళు లేవు, కాయం మందు కాచే వీలు లేదు, పసిదాని ఒంటికి చేతులు కాచి ఒత్తేందుకు కుంపటి లేదు. పిల్ల కాళ్ళు చెరువు అడుగు గులకరాళ్ళలా ఉన్నాయి. ఏడవడానికి కూడా బద్ధకించినట్టు, అప్పుడప్పుడు పిల్లికూనలా ఒక మూలుగు మూలుగుతోంది. మారన తల్లి మైలాంబ మనవరాలిని తన రొమ్ముకు ఆనించుకుని, పైన ఇంట్లో ఉన్న బొంతలన్నీ కప్పుకుని, చల్లటి పొయ్యి ఎదురుగా కూర్చుంది. పొయ్యి చల్లబడినా ఎదురుగా కూర్చునే అలవాటు పోదు.

"ఒరే మారా," అంది. "ఆ పొగనెత్తివాడు మింగింది ఏ నిప్పు?"

"మన నిప్పు."

"కాదు. మన గట్టున ఉన్న నిప్పు. మన నిప్పంతా మన గట్టునే ఉందా?"

మారన అర్థం కానట్టు చూశాడు.

"నీకో అక్క ఉందనీ, దానికి పెళ్ళి చేశామనీ గుర్తుందా నాయనా?" అంది మైలాంబ.

చందన చాపమీద నుంచి లేచి కూర్చుంది.

వైడూర్యగిరిలో ఆడపిల్ల అత్తవారింటికి పోయేటప్పుడు సారెలో చీరలు మరిచిపోయినా ఫరవాలేదు, నిప్పు మరిచిపోకూడదు. పుట్టింటి పొయ్యిలోని కణికలు కొత్త కుండలో బూడిద కప్పి పెడతారు. పెళ్ళికూతురు ఆ కుండను ఎడమ చంకన ఎత్తుకుని, గాలి తగలకుండా కొంగు ముసుగేసి, వెనక్కి చూడకుండా వెళ్ళాలి. అత్తవారి పొయ్యిలో దాన్ని కలుపుతారు. ఆ తర్వాత దాన్ని ఆరనివ్వకుండా చూసుకోవడం ఇల్లాలి పని. ఆ సంగతి రాజులు రాయించే శాసనాల్లో ఉండదు. మాంత్రికులు చదివే గ్రంథాల్లో కూడా లేనట్టుంది. ధూమ్రకేశుడికి పెళ్ళి కాలేదు.

కొమ్మక్క పెళ్ళి పడవ మారనకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. అప్పట్లో నది రెండు ఊళ్ళను కలిపే వీధి. రేవునుంచి రేవుకు మామిడాకుల తోరణాలు, పడవలనిండా బంతిపూలు, నీళ్ళమీద పసుపు తెట్టు. పడవ ముందుభాగంలో కొమ్మక్క, ఎడమ చంకన కుండ, తలమీద కొంగు. వెనక్కి చూడకూడదు కనక ఆమె చూడలేదు. వీపు మాత్రం వెక్కి వెక్కి కదిలింది. పెళ్ళిభోజనాల్లో బావ గుండయ విస్తరి నిండా బూరెలు పేర్పించి, "ఇవన్నీ తింటేనే మా అక్కను పంపేది," అన్నాడు మారన. గుండయ సగంలో చేతులెత్తేసి, "మీ అక్కను మీరే ఉంచుకోండి బావా, నాకు మంచినీళ్ళివ్వండి," అన్నాడు. రెండు గట్లూ కలిసి నవ్విన చివరి నవ్వు బహుశా అదే.

ఇప్పుడు ఆ గుండయ పడమటిగట్టు కోట సేనను నడిపే దళవాయి.

"నేను వెళ్తాను," అన్నాడు మారన. "బూడిద కొనే అవ్వలా వెళ్తాను. చాకళ్ళకు అమ్మడానికి ఇంటింటా పొయ్యి బూడిద అడిగే అవ్వను కుండ ఎందుకని ఎవరూ అడగరు."

"నీ ముసలమ్మ వేషం పడమటిగట్టంతా చూసి నవ్విందిరా."

"అది పాత ముసలమ్మ. కుడికాలు కుంటేది. ఇది ఎడమకాలు కుంటుంది."

మైలాంబ కొడుకు ముఖం చూసి నిట్టూర్చింది. చందన తన పాత చీర తీసి ఇచ్చింది. జనపనారతో తల తయారైంది. బూడిద రాస్తే ముడతలొచ్చాయి. "రేపు సందెవేళకు రాకపోతే?" అని చందన అడగలేదు. పసిదాని కాలు మాత్రం ఒకసారి అతని అరచేతిలో పెట్టి తీసుకుంది.

తెలవారేలోగా మారన ఒక తుంగమోపు కింద తల దాచుకుని నీలవేణిలో కొట్టుకుపోతున్నాడు. నడినదిలో మోపు హఠాత్తుగా ఆగింది. కింద మొసలి. అది తుంగను కొరికి, రుచి చూసి, అసహ్యించుకుని, రెండోసారి నోరు తెరిచింది. మారన చేతిలోని ఖాళీ కుండను దాని దవడల మధ్య నిలబెట్టి దూకాడు. కుండ పగిలే లోపల అతను ఒడ్డెక్కాడు. "ముసలి ముండా, ఈ చలిలో స్నానమేంటి?" అని కాపలావాడు గదిమితే, "పుణ్యం నాయనా, పుణ్యం. నీకూ వయసొస్తుంది," అని ఎడమకాలు ఈడుస్తూ, దారిలో పెంటకుప్ప మీది బూడిద ముఖానికి మళ్ళీ పూసుకుని ఊళ్ళోకి నడిచాడు.

పడమటిగట్టు బజారు మారలేదు. అదే దుకాణాల వరస, అదే నువ్వులనూనె వాసన, తను పులివేషంలో ఎక్కి కూర్చున్న అదే అరుగు. ఇళ్ళ కప్పులమీద పొగ లేస్తోంది. పొగను చూసి కళ్ళలో నీళ్ళు రావడం మారనకు అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ పొగవల్ల వచ్చేవి. అనుమానం రాకుండా ఇంటింటా బూడిద అడుగుతూ తిరిగేసరికి మధ్యాహ్నం దాటింది. అంతలో కూడలిలో దండోరా మోగింది.

"తూర్పుగట్టు ఆడపడుచులు కాపురం చేస్తున్న ప్రతి ఇంటా పొయ్యి ఆర్పాలహో. ధూమ్రకేశుల వారి ఆజ్ఞ. ఆర్పనివారి ఇల్లు ఆరిపోతుందహో."

పొగనెత్తివాడికి ఎవరో పెళ్ళయినవాడు చెప్పినట్టుంది.

మారన ఎడమకాలో కుడికాలో మరిచిపోయి పరుగెత్తాడు. కొమ్మక్క ఇంటి వాకిట్లో భటులు కడవలు బోర్లించి బయటికి వస్తున్నారు. వంటింట్లో పొయ్యి నిండా నీళ్ళు. కొమ్మక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ముసలమ్మను చూసి, "బూడిద లేదు అవ్వా. బురదే ఉంది, కావాలంటే తీసుకో," అంది.

"కొమ్మీ," అన్నాడు మారన తన గొంతుతో.

కొమ్మక్క చేతిలోని గరిటె కిందపడింది. ఆమె అరవలేదు. దగ్గరకొచ్చి తమ్ముడి ముఖం మీది బూడిద బొటనవేలితో ఒకచోట తుడిచి చూసి, మళ్ళీ ఆ బూడిదే అక్కడ పూసేసింది.

"అమ్మ ఎలా ఉందిరా?"

"పొయ్యి ముందు కూర్చుంది. ఆడపిల్ల పుట్టింది మాకు. పిల్ల ఒళ్ళు చల్లబడుతోందక్కా. నీ దగ్గర ఉన్న నిప్పు కోసమే వచ్చాను." అతని చూపు పొయ్యిలోని నీళ్ళ మీద పడింది.

పక్కగదిలోంచి ఒక దగ్గు వినబడింది. గుండయ తల్లి సూరాంబ. తూర్పుగట్టు మీద తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా శాపనార్థాలు పెట్టే మనిషి. తూర్పున సూర్యుడు పుడుతున్నాడని సూర్యుడి మీద కూడా ఆవిడకు కాస్త కోపమే.

"ఎవరే అది?"

"బూడిద కొనే అవ్వ, అత్తయ్యా."

"ఇలా రమ్మను. నా మంచం కింద కుంపట్లో బూడిద నిండిపోయింది. తీసి చావమను."

మారన మంచం కిందికి వంగాడు. ముసలావిడ చలి కాచుకునే మట్టి కుంపటి. పైన తెల్లటి నివురు. వేలితో కదిపాడు. కింద దానిమ్మగింజల్లా ఎర్రగా కణికలు మెరిశాయి.

"అత్తయ్యా," అంది గుమ్మంలోంచి కొమ్మక్క నివ్వెరపోయి, "ఇది మన పొయ్యిలో..."

"నా కోడలు తెచ్చిన నిప్పు," అంది సూరాంబ. "దండోరా వీధి చివర ఉండగానే తీసి పెట్టుకున్నాను. నువ్వు ఏడవడంలో తీరిక లేక చూసుకోలేదు. ఆ నిప్పు మీద ఉడికిన పప్పుకు నా నాలుక అలవాటు పడింది. ఇప్పుడు ఎవడో బోడివాడొచ్చి వేరే నిప్పు మీద వండుకోమంటే తినడానికి నాకేం ఖర్మ? ఇదిగో ముసలిదానా, తూర్పుగట్టు దరిద్రులకు పప్పు వండడం రాకపోయినా నిప్పు రాజెయ్యడం వచ్చు. సగం తీసుకో. మొత్తం తీసుకుంటే చేతులు విరగ్గొడతాను."

ఆవిడ ముసలమ్మను గుర్తుపట్టిందో లేదో మారనకు ఎప్పటికీ తెలియలేదు.

కొమ్మక్క కొత్త కుండ తెచ్చింది. అడుగున బూడిద, నడుమ రాజుకున్న పిడక ముక్క, దాని చుట్టూ కణికలు, పైన మళ్ళీ మెత్తటి బూడిద. పెట్టెలోంచి ఒక పొనికిచెక్క బొమ్మ తీసి తమ్ముడి నడుముకు కట్టింది. తండ్రి చెక్కిన బొమ్మ. ఒక చెయ్యి లేదు. చిన్నప్పుడు మారన విరగ్గొట్టి నెల రోజులు తన్నులు తిన్నది అదే. "మేనత్త పంపిందని చెప్పు," అంది.

అప్పుడు వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. గుండయ భోజనానికి వచ్చాడు. పొద్దు వాలిపోయింది. యుద్ధంలో దళవాయిలకు మధ్యాహ్న భోజనం సాయంత్రమే దొరుకుతుంది. కత్తి గుమ్మం బయట గోడకు ఆనించి, తలపాగా చిలకకొయ్యకు తగిలించి లోపలికొచ్చి, ముసలమ్మను చూశాడు. చూపు కుండ మీదికి పోయింది. కాలి మీదికి పోయింది.

"ఎవరీవిడ?"

"బూడిద కొనే అవ్వ," అంది కొమ్మక్క. గొంతు నూతిలోంచి వచ్చింది.

"మా పెళ్ళికి ఒక ముసలమ్మ వచ్చింది. ఆవిడ కుడికాలు కుంటేది," అన్నాడు గుండయ. "వయసు మీదపడితే కుంటికి కూడా కాలు మారుతుంది కాబోలు."

వంటింటి చూరునుంచి ఒక నీటిబొట్టు పొయ్యిలో పడింది.

"అవ్వా," అన్నాడు గుండయ పీట వాల్చుకుంటూ. "నేను దళవాయిని. తూర్పు నిప్పు ఈ గట్టు దాటితే నా తల దాటిపోతుంది. అయితే విస్తరి ముందు కూర్చున్నవాడికి శత్రువు లేడని మన పెద్దల మాట. కత్తి గుమ్మం బయట ఉంది కదా. చెయ్యి కడుక్కున్నదాకా నేను ఈ ఇంటి మనిషిని. కడుక్కున్నాక డంకా కొట్టించాలి. కొట్టించక తప్పదు." తల్లి గది వైపు తిరిగాడు. "అమ్మా, ఇవాళ ఎందుకో చాలా ఆకలిగా ఉంది."

"తిను నాయనా," అంది సూరాంబ గదిలోంచి. "నిదానంగా నములు. పొయ్యి ఆర్పేముందే దించిన అన్నం గుండిగెడుంది. ఏమే కోడలా, మీ ఆయన పడవ వెనక రేవులో ఉంది కదూ? తాడు బొత్తిగా పాతబడిపోయింది. ఎవరు లాగినా ఊడొస్తుంది. ఇల్లన్నాక చూసుకోవద్దూ."

మారన కుండ చంకనెత్తుకున్నాడు. దాటిపోతుంటే గుండయ తలెత్తకుండా, "బూరెలప్పుడే ఓడాను," అన్నాడు. "అన్నం దగ్గర ఓడను."

కొమ్మక్క రెండోసారి అన్నం పెట్టింది. గుండయ తిన్నాడు. పప్పు అన్నాడు, పులుసు అన్నాడు, పచ్చడి లేదా అన్నాడు. మారన వెనక దొడ్డి దాటేసరికి నాలుగోసారి పెరుగు పోస్తున్నారు. మొలతాడు బిగుసుకుని, నుదుట చెమట పట్టి, కళ్ళు తేలేస్తూ కూడా, వైడూర్యగిరి రెండు దండుల్లోకీ వీరుడని పేరు పడ్డ గుండయ విస్తరి ముందు నుంచి లేవలేదు.

పడవ నడినదికి చేరాక డంకా మోగింది.

మొదట గట్టున కాగడాలు కదిలాయి. తర్వాత పడవలు. ఆపైన కొండ మీంచి ధూమ్రకేశుడి జుట్టులో ఒక పాయ తెగి, రెక్కలు విచ్చుకుని, డేగగా మారి నదిమీదికి దిగింది. ఒళ్ళంతా పొగ, ముక్కు మాత్రం నల్లటి ఇనుము. దానికి మాంసం అక్కర్లేదు. నిప్పు వాసన తగిలితే చాలు. సందెవెలుగు నీళ్ళమీద కరిగిన రాగిలా పరుచుకుని ఉంటే, దాని నీడ ఆ రాగిని చీల్చుకుంటూ వచ్చింది. మొదటి దెబ్బకు తెడ్డు చేతిలోంచి జారిపోబోయింది. రెండో దెబ్బకు దాని రెక్కల గాలి కుండలోని బూడిదనంతా ఎత్తిపోసింది. కణికలు ఒక్కొక్కటీ కళ్ళు మూసుకున్నాయి. పిడక ముక్క చివర ఆవగింజంత ఎరుపు మిగిలింది.

మారన తలమీది జనపనార పీకి దానికి ఆనించి ఊదాడు. నార భగ్గుమంది. ఆవగింజను కుండలోనే ఉంచి, మండుతున్న ముసలమ్మ తలను పైకెత్తి గిరగిరా తిప్పి ఎగువకు విసిరాడు. నిప్పు కనబడగానే పొగడేగ దానివెంట దూకింది. తల నీళ్ళలో పడింది. డేగ కూడా పడింది. చుయ్ మంది. ఒక చిన్న ఆవిరి తెర లేచి, చెదిరిపోయింది. ఆ ముసలమ్మ వేషానికి అంత గొప్ప ఆఖరి ప్రదర్శన మరొకటి లేదు. దరువు వెయ్యడానికి బొల్లడే లేడు.

కాని కుండలో ఆవగింజ ఆరిపోతోంది. పడవ చెక్క తడి. చీర తడి. తెడ్డు తడి. నడుముకు కట్టిన బొమ్మ ఒక్కటే కొంగు మడతలో పొడిగా ఉంది. మారన దాన్ని తీశాడు. మొండిచెయ్యి, నాన్న ఉలితో పెట్టిన నవ్వు, అక్క ఏళ్ళ తరబడి పూసిన పసుపు. పొనికిచెక్క త్వరగా అంటుకుంటుంది. అతను ఎక్కువసేపు చూడలేదు. ఆ మొండిచేతి వైపునుంచే మొదలుపెట్టాడు.

కుండలో మంట లేచింది. గాలికి ఆరిపోకుండా అతను కుండను ఎడమ చంకకు చేర్చి, తలమీద కొంగు ముసుగేసి, కుడిచేత్తో తెడ్డు వేస్తూ పడవ ముందుభాగాన మోకాళ్ళమీద నిలిచాడు. అలా ఎందుకు పట్టుకున్నాడంటే, వాళ్ళింట్లో నిప్పు అలాగే పట్టుకుంటారు మరి.

తూర్పుగట్టు బురుజు మీద విలుకాళ్ళు ఆ మంట చూశారు. పడమటి దిక్కునుంచి, పడవ మీద, నిప్పు. వెనక శత్రువుల పడవలు. "కోటకు నిప్పంటించడానికి వస్తున్నారు. ఎక్కుపెట్టండి," అని నాయకుడు చెయ్యెత్తాడు. వింటితాళ్ళు బిగిసిన చప్పుడు నీళ్ళమీదుగా మారనకు వినబడింది.

అప్పుడు రేవులోంచి ఒక మనిషి నీళ్ళలోకి దిగింది. మైలాంబ. బొంత భుజం మీంచి జారిపోతున్నా చూసుకోలేదు.

"ఆగండి. ఆ కుండ పట్టుకున్న తీరు చూడండి. అది నా కూతురు. నా కొమ్మి వస్తోంది," అంది.

నాయకుడు చెయ్యి దించలేదు. "కూతురైతే పలకమను."

మగగొంతు వినబడితే చీర కట్టిన శత్రు వేగులవాడని అంతమంది విలుకాళ్ళూ ఒక్కసారే వదులుతారు. వేషాలు కట్టిన రోజుల్లో మారన పులిలా అరిచాడు, ముసలమ్మలా దగ్గాడు, రాజులా ఆజ్ఞాపించాడు. ఇన్ని గొంతులు ఎత్తాడు గాని అక్క గొంతు ఎప్పుడూ ఎత్తలేదు. అమ్మ నవ్వదని తెలుసు కనక.

"అమ్మా," అన్నాడు కొమ్మక్క గొంతుతో. "నేనే అమ్మా. నిప్పు తెచ్చాను."

మైలాంబ నడుములోతు నీళ్ళలో ఆగిపోయింది. ఒక్క క్షణం ఆమె ముఖం పెళ్ళి పడవ వెళ్ళిపోయిన నాటి ముఖంలా అయింది. తర్వాత నెమ్మదిగా, ఎప్పటి ముఖమే వచ్చింది.

"నా కూతురే," అని బురుజు వైపు తిరిగి గట్టిగా చెప్పింది. "విల్లులు దించండి. కన్నదాన్ని, నాకు తెలియదూ?"

విల్లులు దిగాయి. పడవ వచ్చి ఆమె చేతులకు తగిలింది. ముసుగులోకి తొంగిచూసి, మరెవరికీ వినబడకుండా అంది: "మీ అక్కకు నన్ను 'అమ్మా' అని పిలవడం ఎప్పుడొచ్చిందిరా? అది నన్ను 'ఓసే మైలీ' అంటుంది."

"పిల్ల?" అన్నాడు మారన.

"ఏడుస్తోంది. గట్టిగా. ఇందాకే మొదలెట్టింది." మైలాంబ కుండలోకి చూసింది. బూడిద నడుమ ఒక చిన్న చెక్కముఖం, సగం కాలి, ఇంకా నవ్వుతోంది. ఆమె దాన్ని గుర్తుపట్టింది. కుండ అందుకుని ఎడమ చంకన పెట్టుకుని, పైట ముసుగేసి, వెనక్కి చూడకుండా గట్టు వైపు నడిచింది. రేవులో ఒక దీపపు కొడి వెలిగింది. దాని పక్కనే ఇంకొకటి. ఎర్రటి దారంలా వీధి పొడుగునా దీపాలు అంటుకుంటూ పోయాయి.

మారన వెనుదిరిగాడు. ముందు పడవలో దళవాయి గుండయ, పొట్ట పట్టుకుని, కష్టంమీద నిలబడి కత్తి ఎత్తుతున్నాడు. చెయ్యి కడుక్కున్నాడు కదా, ఇక తప్పదు. వాళ్ళందరి వెనకాల, ఎన్నడూ కొండ దిగని ధూమ్రకేశుడు ఆకలిగా నోరు తెరుచుకుని నీళ్ళమీద నడిచి వస్తున్నాడు.

మారన చీర కొంగు నడుముకు బిగించి, తెడ్డును బల్లెంలా పట్టుకుని, వీధిలోని దీపాలకు అడ్డంగా పడవను తిప్పి నిలబెట్టాడు.